అమ్మ చెవి, నాన్న లారీ

మా తమ్ముడి కూతురు హారిక నాకు ఫోన్‌లో శుభోదయాలూ దేవుడి బొమ్మలూ పంపదు. ఇంజిను చప్పుళ్ళు పంపుతుంది. మొన్నొక ఉదయం రాజమండ్రిలో మా వరండాలో కూర్చుని కాఫీ తాగుతుంటే ఫోను మోగింది. తెరిస్తే చిన్న రికార్డింగు. టిక్ టిక్ టిక్ టిక్ అంటూ, గోడ గడియారానికి ఏదో తొందర పట్టుకున్నట్టు, ఆగకుండా ఒకటే చప్పుడు. కింద నాలుగు ముక్కలు రాసింది. "అత్తా, ఆయిల్ లైటు కూడా వెలుగుతోంది. ఇంజిను పోయినట్టే, తుక్కు కిందిచ్చేద్దాం అంటున్నాడు నాన్న. ఆదివారం దాకా ఆగమన్నాను. నువ్వొచ్చి ఒక్కసారి విను."

ఆ లారీ మా తమ్ముడు శ్రీనుది. మండపేటలో మిల్లుల నుంచి గోడౌన్లకి బియ్యం బస్తాలు తోలుతుంది. అంతకుముందు పోలవరం వైపు కంకర తోలింది. వయసైపోయిన బండి. శ్రీనుకీ షుగరొచ్చి, మోకాళ్ళు పట్టేసి, స్టీరింగు మీద మోజు తీరిపోయింది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం అదీ ఇదీ అనకుండా ఆ బండి బాధ్యత నెత్తినేసుకున్నది హారికే. బండి తుక్కుకి పోతే ఆ పిల్ల చేతిలో పనే పోతుంది. నాకేమో లారీ నడపడం రాదు. స్కూటరే సరిగ్గా నడపలేకపోయానని మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఏడిపించేవారు. జీవితమంతా పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పి, మిగిలిన టైములో ఏవో రాసుకున్నదాన్ని. అలాంటి నన్ను ఇంజిను వినడానికి పిలవడమేంటని మీరనుకోవచ్చు. మా ఇంట్లో పుట్టిన ఆడవాళ్ళకి ఆ చెవి ఉంటుందని హారిక నమ్మకం. ఆ నమ్మకానికి మూలం మా అమ్మ. అమ్మ పోయి చాలాకాలమైంది. అయినా ద్వారపూడి మీదుగా మండపేట వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ టిక్ టిక్‌ని మళ్ళీ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని విన్నంతసేపూ నా పక్కన కూర్చున్నది ఆవిడే.

మా చిన్నప్పుడు మా ఇల్లు మండపేటలోనే మిల్లుల వీధి చివర ఉండేది. ఉడికిన వడ్ల వాసన, ఊక బూడిద వాసన, దాని మీద డీజిలు వాసన కలిసి పుట్టిన దగ్గర్నుంచీ మా ముక్కులకి అదే గాలి. పెళ్ళయి వేరే ఊరొచ్చాక కొన్నాళ్ళు గాలి ఆడనట్టుండేది నాకు. నాన్నకి ఒక్క లారీ ఉండేది. తనే ఓనరు, తనే డ్రైవరు. పొద్దున బియ్యం బస్తాలేసుకుని కాకినాడో, రాజమండ్రో వెళ్ళి మధ్యాహ్నం భోజనానికొచ్చేవాడు. తినేసి దగ్గర్లో ఇంకో లోడు తోలి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేవాడు. దూరపు కిరాయిలు ఒప్పుకునేవాడు కాదు. మా వీధిలో మిగతా డ్రైవర్ల పిల్లలకి నాన్నంటే నెలకోసారి మిఠాయి పొట్లంతో వచ్చి, రెండ్రోజులు నిద్రపోయి వెళ్ళిపోయే మనిషి. మాకు నాన్నంటే రోజూ సాయంత్రం అరుగు మీద కాళ్ళు చాపుకుని, నేను పద్యం అప్పజెబుతుంటే అర్థం తెలియకపోయినా తలూపే మనిషి. ఆ తేడా నాకు చాలా చిన్నప్పుడే తెలుసు. తెలిసే గర్వపడేదాన్ని.

లారీ ఆగే చోటు వంటింటి గోడ పక్కనే. పాత లారీలకి బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఇంజిను వేశాక, ట్యాంకులో గాలి నిండేదాకా బండి కదపకూడదు. ఆ కాసేపే నాన్న కాఫీ సమయం. తెల్లవారుతూనే ఇంజిను లేచేది. గోడకున్న గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా వణికేవి. ఆ వణుకు మొదలవగానే అమ్మ పాలు పొయ్యి మీద పెట్టేది. గాలి నిండి బుస్సుమన్న చప్పుడొచ్చేసరికి కాఫీ గ్లాసు నాన్న చేతిలో ఉండేది. మాకు గడియారం లేకపోలేదు, దాన్ని ఎవరూ చూసేవారు కాదు, అంతే. అలా ఏళ్ళ తరబడి పొద్దున్నా, మధ్యాహ్నమూ, సాయంత్రమూ ఆ గోడ అవతలి చప్పుడు వింటూ అమ్మ వంట చేసింది. బండి లోడుతో వచ్చిందో ఖాళీగా వచ్చిందో మలుపులోనే చెప్పేది. "ఇవాళ ఆయన చిరాకుగా ఉన్నారు, గేరు చూడు ఎలా వేశారో, జోలికెళ్ళకండి" అని మమ్మల్ని ముందే హెచ్చరించేది. అది విద్య అని ఆవిడా అనుకోలేదు, మేమూ అనుకోలేదు.

ఇంట్లో పెద్దరికం నానమ్మది. ఆవిడకో నియమం ఉండేది. ఏ పాత్రా అడుగు కనబడేలా ఖాళీ చేయకూడదు. బియ్యం డబ్బా అడుగున గుప్పెడు ఉంచి, దాని మీద కొత్త బియ్యం పోయాలి. ఉప్పు డబ్బాలో నాలుగు పలుకులు మిగలాలి. దీపం కుందిలో చుక్క నూనె ఉండగానే మళ్ళీ పోయాలి. అడుగు చూపిస్తే లక్ష్మి అలుగుతుందనేది. గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో ఉన్న ఆచారమే ఇది. మా నాన్న మాత్రం దాన్ని తల్లి మాటగా ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళాడు. లారీ తొట్టె ఊడ్చినా ఒక మూల నాలుగు వడ్లగింజలు వదిలేవాడు. ఇంజిన్లో నూనె మార్చే రోజు ఇంట్లో చిన్నపాటి వ్రతంలా ఉండేది. శుక్రవారం తెల్లవారుజామున తలస్నానం చేసి, బండికి పసుపూ కుంకుమా పెట్టి, ఇంజిను ఇంకా వేయకముందే కిందికి దూరి బోల్టు విప్పేవాడు. నల్లటి నూనె తాడులా కారి, సన్నబడి, చుక్కలు పడే సమయానికి "కాస్త ఉండనీ" అనుకుంటూ బోల్టు బిగించి, పైనుంచి కొత్త నూనె పోసేవాడు. మా వీధిలో నూనె అంత శ్రద్ధగా, అంత సమయానికి మార్చే డ్రైవరు ఇంకొకడు లేడు. మిగతావాళ్ళు నవ్వేవారు కూడా, సత్యంగారికి బండంటే ఇంకో పెళ్ళాం అని.

ఆ ఏడాది దాళ్వా, అదే రెండో పంట, కోతలు దగ్గర పడుతుండగా, ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అమ్మ అంది.

"ఏవండీ, బండి ఏదో అంటోంది."

"బండేమంటుంది, నువ్వే అంటున్నావు. పప్పెయ్యి."

"కాదండీ, సన్నగా టిక్కు టిక్కుమంటోంది. నిన్నట్నుంచీ."

నాన్న పట్టించుకోలేదు. కొన్నాళ్ళకి ఆ టిక్కు టిక్కు ఆయనకే వినబడింది. ఇంకొన్నాళ్ళకి నాకూ వినబడింది. అంతలో అసలు భయం మొదలైంది. నాన్న ముందుండే గడియారాల వరసలో ఆయిల్ ప్రెషరు ముల్లొకటి ఉండేది. ఇంజిన్లో నూనె ఎంత జోరుగా తిరుగుతోందో చెబుతుందది. మనిషికి నాడి లాంటిదనేవాడు నాన్న. ఎప్పుడూ మధ్యలో నిలబడే ఆ ముల్లు, దూరం పోయేకొద్దీ కిందికి దిగిపోవడం మొదలెట్టింది. నూనె తిరగకపోతే ఇనుముని ఇనుము తినేస్తుంది. రాజమండ్రిలో ఒక షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మేస్త్రీ చప్పుడు విని, ముల్లు చూసి, పెదవి విరిచాడు. కింద బేరింగులు అరిగిపోయాయి, వాటిలో తిరిగే క్రాంకు కూడా దెబ్బతిని ఉంటుంది, ఇంజిను మొత్తం దించాలి అన్నాడు. ఆయన్ననాల్సిందేం లేదు. అంత వయసున్న బండికి నూటికి తొంభైసార్లు అదే జబ్బు. ఇంకెవరో చిక్కటి నూనె పోయమన్నారు. పోస్తే ఒక పూట చప్పుడు తగ్గింది, మర్నాటికి రెట్టింపైంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న తల పైకెత్తకుండా చెప్పేశాడు. ఇంజిను దించాల్సే వస్తే తన వల్ల కాదు. బండి ఉన్నదున్నట్టు ఎవరికో ఇచ్చేసి, కలకత్తా లైనులో డ్రైవరుగా వెళ్తాడు. ఎవరో అడిగారట, రమ్మన్నారట. అమ్మ మజ్జిగ వంచుతూ ఆగిపోయింది. నాకు మా వీధి పిల్లల మిఠాయి పొట్లాలు గుర్తొచ్చాయి. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను, చిన్నపిల్లనేం కాదు. అయినా సాయంత్రం అరుగు మీద నాన్న కాళ్ళు లేకపోతే ఆ ఇల్లెలా ఉంటుందో ఊహించుకుని ఏడ్చాను.

చివరి ప్రయత్నంగా సూరిబాబుని పిలిచాడు నాన్న. సూరిబాబు మా పక్క వీధిలో మెకానిక్కు. బక్కపల్చటి మనిషి, ఎవరినైనా సరే "గారూ" లేకుండా పిలవడు. చివరికి బండిని కూడా "ఈవిడగారు" అనేవాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి, చెక్కపిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు ఇంజినుకి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, పైనా కిందా పక్కనా ఒక్కోచోటా విన్నాడు. డాక్టరు ఛాతీ చూసినట్టే చూశాడు.

"చప్పుడు పైనుంచే అండి సత్యంగారూ. వాల్వులు నొక్కే టాపెట్ల దగ్గర. కింద బేరింగు పోతే ఇలా సన్నగా టిక్కుమనదండి, దబ్బుదబ్బుమని గుద్దుతుంది."

"మరి ముల్లు పడిపోతోందేంటి?"

"అదేనండి. పైకి నూనె అందక టాపెట్లు మోగుతున్నాయి. ఎందుకందట్లేదో తెలియాలి మనకి."

ముల్లే అబద్ధం చెబుతోందేమోనని ఇంకో బండి నుంచి తెచ్చిన మీటరు బిగించి చూశాడు. అదీ అదే చెప్పింది. నూనె కొలిచే పుల్ల తీసి చూస్తే నిండుగానే ఉంది. రెండు వేళ్ళ మధ్య రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, డీజిలు కలిసి పల్చబడలేదన్నాడు. ఫిల్టరు కొత్తదే. ఇక మిగిలినవి నూనె తోడే పంపు, దాని నోటికుండే జల్లెడ, కాకపోతే ఆ రాజమండ్రి మేస్త్రీ చెప్పిన బేరింగులు. "పైన టిక్కుమన్నంత మాత్రాన కింద బాగున్నట్టు కాదండి. ఒక్కోసారి రెండూ ఉంటాయి" అని సూరిబాబు కూలబడ్డాడు. నాన్న మొహం అప్పుడెలా ఉందో నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఇక అంతా అయిపోయిందన్నట్టు.

అమ్మ కాఫీలు తెచ్చింది. గ్లాసులిచ్చి లోపలికి వెళ్ళిపోవాల్సింది, వెళ్ళలేదు.

"ఒక మాట చెప్పనా అన్నయ్యా. పొద్దున తీసినప్పుడు ఈ చప్పుడుండదు. మధ్యాహ్నం ఆయనొచ్చేసరికి ఉంటుంది. భోంచేసి మళ్ళీ తీసినప్పుడు ఉండదు. మలుపు తిరిగేదాకా వింటాను, ఉండదు."

"ఇంజిను చల్లారితే ఉండదులే" అన్నాడు నాన్న.

"చల్లారడమేంటండీ. మీరు పప్పన్నంతో కూర్చుని చారు దాకా వచ్చేసరికి లేచిపోతారు. ఆ కాస్తలో అన్నం గిన్నే చల్లారదు, అంత ఇంజిను చల్లారుతుందా?"

సూరిబాబు నోటి దాకా వెళ్ళిన గ్లాసు కింద పెట్టేశాడు. "ఇంకోసారి చెప్పండి అక్కయ్యగారూ" అన్నాడు. అమ్మ మళ్ళీ చెప్పింది. అప్పుడతను మా అందరికీ అర్థమయ్యేలా విడమరిచాడు. బేరింగులు అరిగితే, ఇంజిను వేడెక్కి నూనె పల్చబడగానే సందుల్లోంచి జారిపోయి ముల్లు పడుతుంది. అన్నం తిన్నంతసేపు ఆపినా వేడి తగ్గదు, కాబట్టి మళ్ళీ తీయగానే చప్పుడు ఉండి తీరాలి. ఉండట్లేదంటే జబ్బు వేరు. బండి నడుస్తున్నంతసేపూ నూనెతో పాటు ఏదో జల్లెడ మీదికి లాక్కుని దారి మూసేస్తోంది. ఆపగానే అది కిందికి జారిపోతోంది. "అదే అయితే ఇంకో గుర్తుంటుందండి. యాక్సిలేటరు నొక్కితే ముల్లు లేవాలి. ఇక్కడ నొక్కేకొద్దీ పడాలి. రోడ్డెక్కి చూద్దాం. అక్కయ్యగారు కూడా రావాలండి, ఆవిడ చెవి కావాలి."

మా ఇంట్లో ఆడవాళ్ళు లారీ ముందు ఎక్కడమనేది అంతకుముందు లేదు. అందరం నానమ్మ వైపు చూశాం. ఆవిడ వత్తులు చేసుకుంటూ, "ఎక్కవే, మన బండి కాదేంటి" అంది. అమ్మ లోపలికెళ్ళి చీర మార్చుకుని, బొట్టు దిద్దుకుని, పెళ్ళికెళ్తున్నట్టు వచ్చింది. నాన్నకి నవ్వాగలేదు, చాలా రోజుల తర్వాత. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు, ముల్లు చూసి పైకి చెప్పడం నా పని. సూరిబాబు తలుపు పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు.

కాలవ గట్టు వెంట ఆలమూరు వైపు వెళ్ళాం. అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. అటూ ఇటూ కోతకొచ్చిన చేలు. ఆవిడ చూడనే లేదు. కాసేపటికి "వచ్చింది" అంది. నేను చూస్తే ముల్లు దిగుతోంది. నాన్న యాక్సిలేటరు నొక్కాడు. ముల్లు లేవలేదు, ఇంకా పడింది. సూరిబాబు అది చూసి ఆపమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆలమూరులో టీ కొట్టు దగ్గర ఆపాం. ఇంజిను మీద చెయ్యి పెట్టలేనంత వేడి. టీలు తాగి ఎక్కి, నాన్న మళ్ళీ తాళం తిప్పాడు. నేను ముల్లు చదివేలోపే అమ్మ "లేదు" అంది. టిక్కు లేదు. ముల్లు ఎప్పటి చోట, మధ్యలో, ధీమాగా నిలబడి ఉంది. నాన్న స్టీరింగు మీద తలానించాడు. అమ్మ అటు తిరిగి చేలు చూడ్డం మొదలెట్టింది.

ఆ సాయంత్రం ఇంజిను అడుగున నూనె తొట్టి విప్పాడు సూరిబాబు. పంపు నోటి జల్లెడ నిండా నల్లటి మడ్డి, పాత బెల్లంపాకంలా పట్టుకుని ఉంది. తొట్టి అడుగున అదే మడ్డి మందంగా పేరుకుపోయి ఉంది. కింది బేరింగొకటి విప్పి చూస్తే శుభ్రంగా మెరుస్తోంది. నాన్నకి ఆనందం కంటే ముందు అవమానంలా అనిపించింది. "నా అంత శ్రద్ధగా నూనె మార్చేవాడు లేడు కదా సూరిబాబూ, ఇంత మడ్డెక్కడిది?"

"ఎలా మారుస్తారండి మీరు?"

నాన్న చెప్పాడు. తెల్లవారుజాము, చల్లటి ఇంజిను, శుక్రవారం పూజ, ఆఖర్న "కాస్త ఉండనీ". సూరిబాబు మొహమాటపడుతూనే చెప్పాడు. నూనె వేడిగా ఉన్నప్పుడైతే మడ్డి దాంతో కలిసి కారిపోతుంది. చల్లారితే అడుక్కి దిగిపోతుంది. ఆఖర్న వచ్చేది కూడా అదే. నాన్న ఏళ్ళ తరబడి భక్తిగా దాచుకున్నది మడ్డిని. దానికి కారణం ఎవరి మాటో ఇంటిల్లిపాదికీ తెలుసు.

నానమ్మే వచ్చింది, కర్ర తాటించుకుంటూ. జల్లెడ చేతిలోకి తీసుకుని, వేలితో మడ్డి గీకి చూసింది.

"గింజలుంచమన్నాను గానీ మడ్డుంచమన్నానుట్రా? బియ్యం డబ్బాలో గుప్పెడుంచుతాం. ఆవకాయ జాడీలో ఎవరైనా అడుగుంచుతారా? కడిగి, తుడిచి, ఎండబెట్టి, అప్పుడు కదా కొత్తావకాయ పెడతాం. ఏది డబ్బానో, ఏది జాడీనో తెలియక్కర్లేదూ?"

అందరి కంటే ముందు నవ్వింది అమ్మ. తర్వాత నాన్న. సూరిబాబు అయితే పానా కింద పడేసి నవ్వాడు. మర్నాడు జల్లెడా తొట్టీ కిరసనాయిల్తో కడిగి, తుడిచి, నానమ్మ పట్టుబట్టడం వల్ల ఎండలో కూడా పెట్టి, బిగించారు. ఆ తర్వాతి ఉదయం ఇంజిను లేచినప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను. గూట్లో గ్లాసులు సన్నగా వణికాయి. అమ్మ గరిటె పట్టుకుని గోడ వైపు చెవి పెట్టి, పాలు పొంగుతున్నా చూసుకోలేదు. పొంగితే పొంగనీ అనుకున్నాను నేను. కలకత్తా మాట మళ్ళీ మా ఇంట్లో వినబడలేదు. దాళ్వా బస్తాలన్నీ నాన్నే తోలాడు, సాయంత్రాలన్నీ అరుగు మీదే ఉన్నాడు.

తర్వాత సూరిబాబు తేల్చుకోలేని బండ్లు ఒక్కోటి మా వీధిలోకి వచ్చేవి. "అక్కయ్యగారూ, ఒక్కసారి వినిపెట్టండి" అనేవాడు. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి విని, పైనుంచనో కిందనుంచనో చెప్పి లోపలికెళ్ళిపోయేది. గుమ్మం దాటేది కాదు. ఆ చెక్కపిడి స్క్రూడ్రైవరు సూరిబాబు ఆవిడకే ఇచ్చేశాడు. దాన్ని ఇంజిను మీద ఆనించి విన్నది మాత్రం నేనెప్పుడూ చూడలేదు, కొబ్బరికాయల పీచు తీయడానికి వాడింది. పాతకాలం గురించి రాసేటప్పుడు అప్పుడంతా బాగుండేదనే దురద నాలాంటివాళ్ళకి ఉంటుంది. ఈ ఒక్క విషయంలో నేననలేను. అంత చెవి ఉన్న మనిషి జీవితంలో ఒక్కసారి, ఒక్క ఆదివారం, లారీ ముందు సీట్లో కూర్చుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది.

మండపేటలో బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి హారిక లారీ కిందుంది. కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి, ఒక చెప్పు ఊడిపోయి ఉంది. శ్రీను అరుగు మీద కుర్చీలో కూర్చుని, "చూడక్కా, మాట వినదు" అన్నాడు. గొంతులో కోపం కంటే బెంగే ఎక్కువుంది. హారిక బయటికొచ్చి, మసి చేతులతోనే నన్ను కావిలించుకోబోయి, ఆగి, నవ్వింది. నా చెవి కోసం ఆగలేదు ఆ పిల్ల. మీటరు బిగించి చూసింది. ఇంజిను చల్లగా ఉన్నప్పుడూ ప్రెషరు బాగుంది, ఊరవతలి దాకా వెళ్ళొచ్చాక వేడి మీదా బాగుంది. యాక్సిలేటరు నొక్కితే లేస్తోంది. అబద్ధమాడుతున్నది లైటు, దాని సెన్సరు పోయింది.

"మరి టిక్కు టిక్కు?" అన్నాడు శ్రీను.

"అదే అత్త చెప్పాలి." తన పనిముట్ల పెట్టెలోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి నా చేతికిచ్చింది. చెక్కపిడి నున్నగా, నల్లగా ఉంది. పీచు గీతలింకా ఉన్నాయి. "నువ్వు విను, నేను ముందే అనుకున్నది చెప్పను."

నేను కొంగు దోపి, మెట్టెక్కి, పిడిని చెవికి ఆనించుకున్నాను. కింద నిండుగా, గుండ్రంగా తిరుగుతున్న చప్పుడు. ఎక్కడా గుద్దుడు లేదు. పైన, ముందు వైపు, ఒక్కచోట, టిక్ టిక్ టిక్. చెవిలో అమ్మ మాటే పలికింది. "పైనుంచే" అన్నాను. "ముందు వైపు, ఒక్క టాపెట్టే." హారిక మొహం వెలిగిపోయింది. "ఆయ్, నేనూ అదే అనుకున్నా అత్తా." ఇంజిను చల్లారాక మూత తీసి, సన్నటి రేకు పెట్టి సందు కొలిచి, వదులైన దాన్ని సరిచేసి బిగించింది. మళ్ళీ వేస్తే టిక్కు లేదు. శ్రీను కుర్చీలోంచి లేచి వచ్చి, చుట్టూ తిరిగి, విని, "సరేలే, తుక్కువాడికి రావద్దని చెప్తాను" అన్నాడు. అంతకంటే ఎక్కువ పొగడ్డం మా వంశంలో మగాళ్ళకి రాదు. సాయంత్రం సెన్సరు కూడా కొత్తది తెచ్చి వేసింది. ఊరవతలి దాకా తిప్పుకొచ్చి చూస్తే లైటు ఆరిపోయింది.

ఎలాగూ బండి వేడెక్కి ఉంది, నూనె కూడా మార్చేస్తానంది హారిక. కిందికి దూరి బోల్టు విప్పింది. నల్లటి నూనె తాడులా కారి, సన్నబడి, చుక్కలైంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరుగుతోంది. శ్రీనుకి ఓపిక ఎప్పుడూ తక్కువే.

"చాల్లేవే, బిగించెయ్యి. ఇంకేముందందులో?"

"ఆగు నాన్నా. జాడీ కడక్కుండా కొత్తావకాయ పెడతారేంటి ఎవరైనా?"

నేనూ శ్రీనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. వంగి, లారీ కిందున్న ఆ పిల్లని అడిగాను, ఆ మాట ఎవరు చెప్పారే నీకని.

"ఎవరో చెప్పడమేంటత్తా. మండపేటలో మెకానిక్కులందరూ అనేదే కదా. పని నేర్చుకునేటప్పుడు మొదట చెప్పేది అదే."

శ్రీను చెప్పబోయాడు. నేను వద్దని చెయ్యి పట్టుకుని ఆపాను, తర్వాత చెప్పొచ్చు, కాఫీలప్పుడు. ముగ్గురం అలాగే ఆగాం, హారిక కింద పడుకుని, మేమిద్దరం వంగి, ఆఖరి చుక్క పడేదాకా.